ముప్పై ఒక్క డిగ్రీల రేకుల గది

హైదరాబాదుకి తూర్పున కాలనీలు ఎన్ని ఉన్నాయో లెక్క తెలిసినవాళ్ళు ఎవరైనా ఉన్నారో లేదో గానీ, వాటిలో మెట్లు ఎన్ని ఉన్నాయో యాదలక్ష్మి మోకాళ్ళకి తెలుసు. ఇరవై రెండేళ్ళుగా ఆమె పని మెట్లెక్కడమే. పోలియో చుక్కలకి ఎక్కింది. ఓటర్ల జాబితాకి ఎక్కింది. జనాభా లెక్కలకి ఎక్కింది. ఒక సబ్బుల కంపెనీ తరఫున, బట్టలు నానబెట్టి ఉతుకుతారా, నానబెట్టకుండానే ఉతుకుతారా అని అడగడానికి సరూర్‌నగర్ చెరువు చుట్టూ ఉన్న ఇళ్ళన్నీ ఎక్కింది. ఇన్నేళ్ళలో ఆమె తెలుసుకున్న నిజం ఒక్కటే: లిఫ్టు ఉన్నవాళ్ళు తలుపు తీయరు, తలుపు తీసేవాళ్ళకి లిఫ్టు ఉండదు.

పుట్టింది హయత్‌నగర్ అవతల చిన్న ఊళ్ళో. ఇంటర్ పాసైంది, దస్తూరి ముత్యాల్లా ఉంటుంది. ఆ రెండూ చూసే కొత్తపేటలో అత్తగారు ఆమెని కోడలిగా తెచ్చుకుంది. భర్త సాయినాథ్‌ది దిల్‌సుఖ్‌నగర్‌లో జాకెట్లు కుట్టే పని. కుట్టించుకునేవాళ్ళు ఏటేటా తగ్గుతుంటే, ఈమె ఎక్కే మెట్లు ఏటేటా పెరుగుతూ వచ్చాయి. నలభై ఏడో ఏట కుడి మోకాలు వాచింది. దవాఖానలో డాక్టరమ్మ మెట్లు ఎక్కొద్దని చెబితే యాదలక్ష్మికి నవ్వొచ్చింది. చేపలు పట్టుకునేవాణ్ణి నీళ్ళలో దిగొద్దన్నట్టుంది అనుకుంటూ మందుల చీటీ తీసుకుని వచ్చేసింది.

ఆ ఏడు జనవరిలో దొరికిన పని వెనకటి పనులన్నిటికన్నా వింతది. ఇళ్ళలో కరెంటు ఎంత ఖర్చవుతోంది, వేసవిలో ఏ ఇల్లు ఎంత కాగుతోంది, ఇంటి కప్పు తీరు మారిస్తే కూలర్లూ ఏసీలూ వాడే అవసరం ఎంత తగ్గుతుంది అని తేల్చే పరిశోధన. ఒక విద్యాసంస్థ చేయిస్తోంది. ఎల్బీనగర్ మెట్రో స్టేషన్ వెనక సందులో రెండు గదుల ఆఫీసు, దాన్ని నడిపే పరిశోధకుడు శ్రీకర్. గుంటూరు వైపు నుంచి వచ్చి వనస్థలిపురంలో స్థిరపడిన వాళ్ళ అబ్బాయి, ముప్పై దాటాయి, గొంతు పెంచి మాట్లాడడం రాదు. ఇరవై రెండేళ్ళలో ఆమెని "యాదలక్ష్మిగారూ" అని పిలిచిన మొదటి అధికారి అతనే. ఆ 'గారూ' కోసం మొదటి నెల ఆమె ఇద్దరు మనుషుల పని చేసింది.

పద్ధతి ఇదీ. కొత్తపేట, సరూర్‌నగర్, నాగోల్, ఎల్బీనగర్‌లలో అరవై నాలుగు ఇళ్ళు, అన్నీ పైఅంతస్తువే, ఎంచుకున్నారు. ఏప్రిల్ ఒకటిన ప్రతి ఇంట్లో ఒక తెల్ల డబ్బా పెట్టారు. అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్దది. గోడకి మనిషి తల ఎత్తులో, ఎండ గానీ ఫ్యాను గాలి గానీ నేరుగా తగలని చోట తగిలిస్తే, పావుగంటకోసారి గదిలో వేడి ఎంతుందో తనలో తానే రాసుకుంటుంది. నెలాఖరున వాటిని విప్పి చూసి, అన్నిటికన్నా ఎక్కువ కాగుతున్న ఇరవై ఇళ్ళ కప్పులకి వేడిని వెనక్కి కొట్టే తెల్ల పూత ఉచితంగా వేయిస్తారు. మిగతా ఇళ్ళు మామూలుగానే ఉంటాయి. వేసవి చివర రెంటినీ పోల్చి చూస్తారు.

వారానికోసారి ప్రతి ఇల్లూ ఎక్కడం, డబ్బా పెట్టినచోటే ఉందో లేదో కళ్ళతో చూడడం, ఫోటో తీసి పంపడం యాదలక్ష్మి పని. దాంతోపాటు ఒక ప్రశ్నల కట్ట. ఆ ప్రశ్నలకి జనం చెప్పే జవాబులు వింటే ఎవరికైనా విసుగొస్తుంది. రెండు వందల యూనిట్లలోపు వాడితే జీరో బిల్లు వస్తున్న రోజులు కదా, ఈమె సంచీతో సందులోకి రాగానే, ఆ మాఫీ ఎక్కడ పోతుందోనని కూలర్లు టపటపా ఆగిపోయేవి. "మాకు కూలర్ లేదక్కా" అనేవాళ్ళు, దాని నీళ్ళు గడపదాకా కారుతుండగానే. నాగోల్‌లో వేదవతి అనే ఆవిడ, పద్దెనిమిదిలో ఏసీ పెట్టుకుని దుప్పటి కప్పుకుని, "మేం చాలా పొదుపండీ, మరీ తప్పకపోతేనే వేస్తాం" అని రాయించింది. యాదలక్ష్మి రాసుకుంది. అడగడమే తప్ప వాదించడం ఆమె పని కాదు.

అరవై నాలుగింటిలో చంద్రమ్మ ఇల్లు ఒకటి. సరూర్‌నగర్ పాత ఊరి వైపు సందులో ఐదంతస్తుల కొంప, దాని నెత్తిన వాటర్ ట్యాంకు పక్కన ఒక సిమెంటు రేకుల గది. అందులో చంద్రమ్మ, ఆమె భర్త దశరథ. ఆయన దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ పిల్లలుండే ఒక హాస్టల్‌కి రాత్రి వాచ్‌మన్. అంటే ఊరంతా పడుకున్నప్పుడు ఆయన మేలుకోవాలి, ఊరంతా ఎండకి భయపడి నీడకి చేరినప్పుడు ఆ రేకుల కింద ఆయన నిద్రపోవాలి. అరవై ఏళ్ళ మనిషి. మార్చి మధ్యకి వచ్చేసరికే నిద్ర కరువైంది. తడి తువాలు ఒంటిమీద వేసుకుని, అది ఆరినప్పుడల్లా తడుపుకుంటూ సాయంత్రందాకా దొర్లేవాడు. ఒకసారి డ్యూటీలో కుర్చీలోనే కునుకు తీశాడు. హాస్టల్ మేనేజరు ఫోటో తీసుకుని, ఇంకోసారి దొరికితే పనిలో ఉంచనని చెప్పాడు.

ఇదంతా డబ్బా పెట్టిన రోజునే చంద్రమ్మ చెప్పుకుంది.

"గీ పూత ఏస్తే నిజంగ సల్లగయితదా చెల్లె?" అని అడిగింది.

"ఐదారు డిగ్రీలు తగ్గుతదంటుండు సారు. మీ గదికంటె వేడి గది యాడుంటదక్కా, లిస్టుల మీదే ముందుంటది" అంది యాదలక్ష్మి. అబద్ధమేమీ చెప్పలేదు, నమ్మే చెప్పింది.

మొదటి వారం అన్ని ఇళ్ళూ ఎక్కింది. చంద్రమ్మ గదికి డబ్బా పెట్టిన మర్నాడే వెళ్ళొచ్చింది. ఎందుకైనా మంచిదని ఒక్కో చోట నాలుగైదు ఫోటోలు తీసుకుంది. రెండో వారంలో మోకాలు పొంగింది. రాత్రి సాయినాథ్ వేడినీళ్ళ కాపడం పెడుతూ, "ఎన్ని రోజులు లాగుతవే దీన్ని" అన్నాడు. మర్నాడు చంద్రమ్మ ఇంటి కింద నిలబడి పైకి చూసింది. ఎనభై ఆరు మెట్లు. పైకి కేక వేసింది.

"అక్కా, డబ్బ మంచిగుందా?"

పిట్టగోడ మీంచి చంద్రమ్మ తొంగి చూసింది. "మంచిగుంది చెల్లె. ఎందుకెక్కుతవ్ నువ్వు, పో."

యాదలక్ష్మి వెళ్ళిపోయింది. వారం ముందు తీసిన ఫోటోల్లోంచి ఒకటి పంపింది. ఆ తర్వాతి రెండు వారాలూ అలాగే ఇంకో రెండు. లిఫ్టు లేని నాలుగైదు అంతస్తుల ఇళ్ళు పదకొండింటి సంగతీ అలాగే అయింది. మొదటి రోజున శ్రీకర్ అందరినీ కూర్చోబెట్టి, ఇంటికి వెళ్ళకుండా వెళ్ళినట్టు రాస్తే ఈ పనిలో కొనసాగడం కుదరదని చెప్పిన మాట ఆమెకి గుర్తుంది. గుర్తుండీ పంపింది. ఇందులో ఆమెని వెనకేసుకొచ్చేదేమీ లేదు. ఒళ్ళు అలిసిపోతే మనసు సందులు వెతుక్కుంటుంది, అంతే.

నెలాఖరున డబ్బాలు విప్పారు. ఎక్కని ఇళ్ళ డబ్బాల్ని యాదలక్ష్మి కేకేసి కిందికే తెప్పించుకుని, లెక్క దింపుకున్నాక తిరిగి పంపేసింది. శ్రీకర్ అవతలి గదిలో లెక్కలు వేసి, సాయంత్రానికి జాబితా గోడకి అంటించాడు. వచ్చే సోమవారం అది పైవాళ్ళకి పోవాలి. యాదలక్ష్మి మొదటి ఇరవై పేర్లూ రెండుసార్లు చదివింది. చంద్రమ్మ పేరు లేదు. కిందికి వెతుక్కుంటూ పోతే అరవై ఒకటో వరసలో ఉంది.

"సార్, గీ సరూర్‌నగర్ రేకుల గది యాడనో కిందికి పడ్డది."

శ్రీకర్ కంప్యూటర్లో చూశాడు. "పధ్నాలుగో నంబరు ఇల్లేనా? డబ్బా కుదురుకునే మొదటి మూడు రోజులూ ఎలాగూ లెక్కలోకి తీసుకోం. ఆ తర్వాత మధ్యాహ్నాలు ముప్పై ఒకటి దాటలేదమ్మా. నాకూ వింతగానే అనిపించింది. పక్కన ట్యాంకు నీడేమైనా పడుతోందేమో. చల్లగా ఉందంటే మంచిదే కదా."

ఆ రోజు బయట నలభై ఒకటి. ఆమె తన సొంత ఇంట్లో, కింది పోర్షన్‌లో, ఫ్యాను కింద కూర్చున్నా ముప్పై ఆరుంటుంది.

మర్నాడు మధ్యాహ్నం రెండింటికి వెళ్ళి ఎనభై ఆరు మెట్లూ ఎక్కింది. మూడుచోట్ల ఆగింది. డాబా మీదికి చేరేసరికి కళ్ళు బైర్లు కమ్మాయి. గదిలో అడుగు పెడితే పొయ్యి ముందు నిలబడ్డట్టుంది. దశరథ చాప మీద వెల్లకిలా పడుకుని ఉన్నాడు, కళ్ళు తెరిచే ఉన్నాయి. గోడ మీద డబ్బా లేదు.

"డబ్బేది అక్కా?"

చంద్రమ్మ ముఖం వెలిగింది. మూలకి తీసుకెళ్ళి చూపించింది. ఇసక పోసి, దాని మీద నీళ్ళ కుండ పెట్టి ఉంది. కుండకి ఆనించి ఒక గిన్నె, గిన్నెలో డబ్బా, డబ్బా మీద తడిపిన గుడ్డ.

"నువ్వు పెట్టిపోయిన మూడో దినం ముట్టుకుంటె చుర్రుమన్నది చెల్లె. గంత వేడికి లోపలి మిషను కాలిపోతదనుకున్న. వాళ్ళ సామాను ఖరాబైతె నీ మీదికే ఒస్తది కద. నీ నౌకరికి తిప్పలని గీడ పెట్టిన. దినాం మూడు మాట్ల గుడ్డ తడుపుతున్న. చూడు, చిన్న గీత కూడ పడలె."

చాప మీంచి దశరథ అన్నాడు, "మా ఇంట్ల సల్లటి జాగ గదొక్కటే. నాకియ్యమంటె ఇయ్యలె, నీ డబ్బకిచ్చింది."

హాస్యానికే అన్నాడు గానీ నవ్వే ఓపిక ఆయనకి లేదు. పూత ఎప్పుడేస్తారని చంద్రమ్మ అడిగితే, ఆఫీసులో కనుక్కుని చెప్తానని యాదలక్ష్మి మెట్లు దిగింది. మూడో అంతస్తు మలుపులో కూలబడింది.

ఊరుకుంటే ఏమీ కాదు. జాబితా సోమవారం పోతుంది, అరవై ఒకటో పేరు ఎవరికీ పట్టదు. జూన్‌దాకా ఆమె పని ఉంటుంది, ఆ పైన ఏడాది పనికి కూడా ఆమెనే తీసుకుంటానని శ్రీకర్ మాటిచ్చాడు. చెప్తే మాత్రం డబ్బా మూడో రోజునే జరిగిందని తేలుతుంది. మరి రెండో వారం నుంచి పంపిన ఫోటోల్లో గోడ మీద ఎలా ఉందని అడుగుతారు. ఆ ప్రశ్నకి జవాబు ఒక్కటే. ఒకవైపు తన బతుకుతెరువు, ఒకవైపు ఆ ముసలాయన నిద్ర. ఆ నిద్ర దక్కకపోతే ఆయన పనీ పోతుంది. ఇన్నేళ్ళు పరాయి ఇళ్ళ లెక్కలు రాసిన మనిషికి ఈ లెక్క వచ్చిపడ్డందుకు దేవుడి మీద కూడా కోపమొచ్చింది.

ఆఫీసుకి వచ్చేసరికి మధ్యేమార్గం ఒకటి తోచింది.

"సార్, పధ్నాలుగో ఇంట్ల డబ్బ ఖరాబైంది. తప్పు చూపిస్తుంది" అంది.

"అవునా? సరే, చెడిపోతే ఆ ఇల్లు లెక్కలోంచి తీసేద్దాం. అరవై మూడున్నాయిగా, సరిపోతాయి." శ్రీకర్ ఆ వరస మీద వేలు పెట్టాడు, తుడిచెయ్యడానికి.

"తీయకుండ్రి సార్."

అతను తలెత్తాడు. యాదలక్ష్మి నిలబడే చెప్పింది, ఎందుకంటే కూర్చుంటే చెప్పలేనని ఆమెకి తెలుసు. కుండ సంగతి చెప్పింది, తడి గుడ్డ సంగతి చెప్పింది. తర్వాత ఫోటోల సంగతి చెప్పింది. శ్రీకర్ తిడతాడని కాచుకుంది. తిట్టలేదు. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, ముఖం రెండు చేతుల్లో రుద్దుకున్నాడు. అతనూ మార్చి నుంచి సరిగ్గా నిద్రపోయినట్టు లేడు.

"ఇంకా ఎన్ని ఇళ్ళు ఎక్కలేదమ్మా?"

"దీంతో కలిపి పదకొండు సార్."

నంబర్లు చెప్పమన్నాడు. ఆమె చెబుతుంటే ఒక్కొక్కటీ జాబితాలో గీత పెట్టుకుంటూ పోయాడు. పెట్టడం అయ్యాక ఆ గీతల్ని మళ్ళీ పైనుంచి చూసుకొచ్చాడు. పదకొండూ లిఫ్టు లేని మేడల నెత్తిన ఉన్న గదులే. వాటిలో నాలుగు జాబితా అడుగున ఉన్నాయి.

"మనం ఎవరి ఇళ్ళు కాగిపోతున్నాయని ఈ పని మొదలుపెట్టామో, వాటినే చల్లటి ఇళ్ళని రాసి పంపబోయాం" అన్నాడు మెల్లగా. అందులో నింద లేదు. నింద ఉంటే యాదలక్ష్మికి కాస్త తేలిగ్గా ఉండేది.

ఆ రాత్రే అతను పైవాళ్ళతో మాట్లాడి వారం గడువు అడిగాడు. తెల్లారి నుంచి పదకొండు ఇళ్ళూ ఇద్దరూ కలిసి ఎక్కారు. ఒకచోట డబ్బా బీరువాలో బంగారంతో పాటు తాళం వేసి ఉంది, ఖరీదైనది పోతే ఎవరు జవాబు చెప్పాలని. ఇంకోచోట దేవుడి గూట్లో బొట్టు పెట్టించుకుని కూర్చుంది. ఇంకో ఇంట్లో తడి గుడ్డ చుట్టిన పెరుగు కుండ పక్కన ఉంది. అందరూ జాగ్రత్త కోసం చేసినవాళ్ళే. నెల క్రితం ఎవరైనా తలుపు దాటి లోపలికి చూసి ఉంటే రెండు నిమిషాల్లో సరిదిద్దే పని. ఆ ఎవరైనా తానేనని యాదలక్ష్మికి ప్రతి గుమ్మం దగ్గరా తెలుస్తూనే ఉంది. శ్రీకర్ ఆమె సంచీ కూడా తనే మోశాడు, అది ఇంకా కష్టంగా తోచింది.

చంద్రమ్మ గదిలో డబ్బాని మళ్ళీ గోడకి తగిలించారు. ఐదు రోజుల తర్వాత విప్పితే మధ్యాహ్నాలు నలభై మూడు. కొత్త జాబితాలో ఆ ఇల్లు మూడోది. మే రెండో వారంలో మనుషులొచ్చి రేకులు కడిగి, రెండుసార్లు పూత వేసిపోయారు.

ఆ తర్వాతి శనివారం శ్రీకర్ ఆమెని పిలిచాడు.

"జరిగింది రిపోర్టులో రాయక తప్పలేదండి. పైవాళ్ళు ఒప్పుకోలేదు. సోమవారం నుంచి బిందుమాధవిగారని ఒకావిడ వస్తారు."

"వచ్చే ఏడాది పని కూడనా సార్?"

అతను అవునన్నట్టు తలూపాడు. యాదలక్ష్మి గుర్తింపు కార్డు, మిగిలిన ప్రశ్నల కట్ట బల్ల మీద పెట్టింది. బతిమాలలేదు. బతిమాలితే అతను ఇంకా ఇబ్బంది పడతాడనిపించింది.

రెండు రోజులు ఇంట్లోనే కూర్చుంది. సాయినాథ్ తెల్లారకముందే మిషను ముందు కూర్చోవడం మొదలుపెట్టాడు. మూడో రోజు మధ్యాహ్నం ఆమె బయల్దేరి చంద్రమ్మ ఇంటికి పోయింది. ఎందుకని ఎవరైనా అడిగితే చెప్పలేకపోయేది. కొంత కోపం ఉంది. చంద్రమ్మ ఆ డబ్బాని గోడ మీదే వదిలేసి ఉంటే ఇంత జరిగేదా అన్న ఉక్రోషం ఉంది. కొత్తావిడ వస్తుందని చెప్పాలన్నది పైకి చెప్పుకున్న సాకు. ఎవరూ ఎక్కమనకుండా ఎనభై ఆరు మెట్లు ఎక్కింది.

చంద్రమ్మ గది బయట, ట్యాంకు నీడలో గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. ఈమెని చూడగానే పెదాల మీద వేలు పెట్టింది.

"పండుకుండు" అంది గొంతు తగ్గించి. "పదింటికి కన్ను పడ్డది, ఇంకా లేవలె. ఐదు దినాలసంది గిట్లనే."

ఓరవాకిలిగా ఉన్న తలుపులోంచి గురక వినిపిస్తోంది. యాదలక్ష్మి పక్కన కూర్చుంది. తనూ గొంతు తగ్గించింది.

"నా నౌకరి పోయిందక్కా."

చంద్రమ్మ చెయ్యి గుండె మీదికి పోయింది. "అయ్యో. నా వల్లనేనా? గా డబ్బ కుండ కాడ పెట్టినందుకేనా?"

అవునంటే సరిపోయేది. అవునని చెప్పడానికే ఎక్కి వచ్చిందేమో కూడా. శ్రీకర్‌కి చెప్పినప్పుడు ఆ ఇంటి పూత కోసం చెప్పింది, సాయినాథ్‌కి చెప్పినప్పుడు మోకాలి మీద నెట్టి చెప్పింది.

"నీ వల్ల కాదక్కా. నేను ఎక్కలె. మూడు వారాలు కిందనే నిలబడి అడిగి, ఎక్కి చూసినట్టు రాసిన. ఎక్కుంటె ఆ దినమే గోడకు పెడుతుంటి."

చంద్రమ్మ ఆమె ముఖంలోకి చూసింది. తిట్టలేదు. పోనీలే అని కూడా అనలేదు.

"నెల దినాలు ఆయన నిద్రపోలె, యాదమ్మా" అంది.

"ఎరుకక్కా."

గొంతు ఎత్తి ఏడవడానికి లేదు, లోపల మనిషి లేస్తాడు. యాదలక్ష్మి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నీడ జరిగి ఎండ ఆమె పాదాల మీదికి వచ్చింది. కాసేపటికి చంద్రమ్మ పక్కకి ఒదిగి చోటిచ్చింది. ఈమె జరిగి ఆ నీడలోకి కాళ్ళు ముడుచుకుంది. నాలుగింటికి దశరథ లేచి దగ్గేదాకా ఇద్దరూ అక్కడే కూర్చున్నారు.